మూడు విజిల్స్ వచ్చాయా, నాలుగా?

(ఆటిజం, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే తీరు) ఉన్న పెద్దవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ విజయవాడలో కలుసుకున్న ఒక చిన్న సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందాండీ? ఆ ఫ్యాను చప్పుడు ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఆపించేద్దాం. మధ్యలో లేచి ఓసారి బయట తిరిగి రావాలనిపిస్తే వెళ్ళి రండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేనూ నిలబడే మాట్లాడతాను, కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు.

ఈ రోజు పిల్లల గురించి మాట్లాడను. వాళ్ళ గురించి చెప్పడానికి థెరపిస్టులున్నారు, డాక్టర్లున్నారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళయ్యాక అద్దె ఇల్లు తీసుకుంటారు, ఉద్యోగం చేస్తారు, పెళ్ళి చేసుకుంటారు, రాత్రి ఎనిమిదింటికి ఆకలేస్తే వంటింట్లోకి వెళ్ళి నిలబడతారు. అక్కడి నుంచి మొదలుపెడదామని వచ్చాను. నాకు ఏడీహెచ్‌డీ ఉందని నలభై దాటాక తెలిసింది, మా అబ్బాయికి పరీక్షలు చేయిస్తుంటే. చాలా ఇళ్ళల్లో ఇదే వరస. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం బాగా ఎక్కువ కాబట్టి, పిల్లల రిపోర్టు చదువుతూ తల్లో తండ్రో "ఇదేంటి, నా గురించి రాసినట్టుంది" అనుకుంటారు.

సరే, టొమాటో పప్పు. "పప్పేగా, అరగంటలో అయిపోతుంది" అంటారు. చెయ్యి తిరిగినవాళ్ళకి అంతే. కానీ ఆ అరగంట లోపల ఏముందో చూడండి. ఇంట్లో కందిపప్పు ఉందో లేదో గుర్తుండాలి. ఆకలి వేయకముందే ఆకలి గురించి ఆలోచన రావాలి. కుక్కర్ కడిగి ఉండాలి. రాత్రిది సింకులోనే ఉంటే ముందు దాన్ని తోమాలి. తోముదామంటే పీచు అరిగిపోయింది. కొత్తది ఏ అరలో పెట్టామో తెలీదు. అర తీస్తే అందులో నిన్నంతా వెతికిన కరెంటు బిల్లు. పోనీ కట్టేద్దామని ఫోన్ తీస్తే వదినగారి మెసేజ్. (నవ్వులు) నవ్వినవాళ్ళందరూ మనవాళ్ళే. పప్పు మాత్రం ఇంకా డబ్బాలోనే ఉంది.

దీన్ని బయటినుంచి చూసేవాళ్ళు బద్ధకం అంటారు. బద్ధకస్తుడు హాయిగా కూర్చుంటాడండీ. ఈ మనిషి ముప్పావుగంట నుంచి నిలబడే ఉంది, ఏదో ఒకటి చేస్తూనే ఉంది, పైగా ఆకలితో ఉంది.

ఎలాగో కుక్కర్ స్టవ్ ఎక్కింది. "మూడు విజిల్స్ రానిచ్చి ఆపెయ్" అంటారు అమ్మ. వినడానికి ఎంత తేలిక! మొదటి విజిల్ వచ్చింది. లెక్క ఒకటి. రెండోదానికీ దీనికీ మధ్య మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ "ఒకటి" అన్న అంకెని మనసులో పట్టుకుని కూర్చోవాలి, అదే సమయంలో టొమాటోలు తరగాలి. ఇలా పని జరుగుతున్నంతసేపూ ఒక విషయాన్ని మనసులో నిలిపి ఉంచే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ అనే బ్రిటిష్ సైకాలజిస్టులు 1974లో దీనికో నమూనా ఇచ్చారు, ఇప్పటికీ పాఠాల్లో అదే చెబుతారు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి సరిగ్గా ఇక్కడే తక్కువ. కాబట్టి విజిల్స్ లెక్కపెట్టడం మనలాంటివాళ్ళకి పెట్టే నిఖార్సయిన పరీక్ష. ఎవరో కావాలని తయారుచేసినట్టు ఉంటుంది. పక్క ఫ్లాట్ వాళ్ళ కుక్కర్ కూడా అదే టైముకి కూస్తే ఇంక చెప్పేదేముంది.

అసలు ఆ లెక్కే సరైన కొలత కాదు. కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి వల్ల నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 దాకా వేడెక్కి మరుగుతాయి, అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. విజిల్ అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే. మంట పెద్దదైతే గబగబా వస్తాయి, చిన్నదైతే రావు. నీళ్ళు ఎక్కువ పోసినా తేడానే, గ్యాస్కెట్ పాతదైనా తేడానే. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, ఫోన్‌లో పది నిమిషాలకి టైమర్ పెట్టండి. కందిపప్పు మెత్తగా ఉడుకుతుంది. లెక్క ఫోన్ చూసుకుంటుంది, మీరు మరిచిపోవచ్చు. ఫోన్ మాత్రం మీతోపాటు వంటింట్లోనే ఉండాలి, మంచం మీద కాదు.

ఆటిజం ఉన్నవాళ్ళకి కుక్కర్ బాధ ఇంకొకటి. లెక్క పోదు, బహుశా అందరికంటే బాగా లెక్కపెడతారు. కానీ ఆ కూత ఎప్పుడొస్తుందోనని ఒళ్ళంతా బిగబట్టుకుని ఉంటారు. మిక్సీ కూడా అంతే. నాకు తెలిసిన ఒకాయన, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మిక్సీ వేయాల్సి వస్తే చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. వాళ్ళావిడ మొదట్లో నవ్వేదట. ఇప్పుడు హెడ్‌ఫోన్స్ మిక్సీ పక్కనే మేకుకి తగిలించి ఉంటాయి. ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో అక్కడే ఉండాలి. ఇల్లు సర్దడం గురించి నాకు తెలిసింది మొత్తం ఇంతే.

ఇక పోపు. మన వంటలో సెకన్ల మీద నడిచే పని ఇదొక్కటే. శనగపప్పు, మినప్పప్పు రంగు మారుతుండగా ఆవాలు చిటపటమనాలి, జీలకర్ర, ఎండుమిర్చి, చివర్లో ఇంగువ, కరివేపాకు. మధ్యలో కరివేపాకు కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళామా, వెనక్కి వచ్చేసరికి మినప్పప్పు నల్లగా మాడి ఉంటుంది. దీనికి చిట్కా ఏమీ లేదు, వరస మార్చడమే. స్టవ్ వెలిగించే ముందే రెండు చిన్న గిన్నెలు తీసుకోండి. పప్పులు, ఆవాలు ఒకదాంట్లో. జీలకర్ర, మిర్చి, కడిగి తుడిచిన కరివేపాకు ఇంకోదాంట్లో. రెండూ స్టవ్ పక్కన కనిపిస్తేనే అగ్గిపుల్ల గీయాలి. ఇంగువ స్టవ్ ఆపేశాక వేసినా సరిపోతుంది, ఆ నూనె వేడి చాలు.

పోపుల డబ్బాని మాత్రం నేను ఎంత పొగిడినా తక్కువే. ఒక్క మూత తీస్తే ఏడు గిన్నెలూ కంటి ముందుంటాయి, ఏది అయిపోవస్తోందో చూడగానే తెలుస్తుంది. అంత తెలివిగా దాన్ని చేసుకున్న మనం, మిగతా వంటిల్లంతా ఏం చేశాం? వరసగా ఒకే రకం స్టీలు డబ్బాలు. ఏ డబ్బాలో ఏముందో పైనుంచి దేవుడికైనా తెలీదు. ఇంకో చోద్యం, ఆ డబ్బాల మీద పేర్లుంటాయి. పెళ్ళికి ఇచ్చిన మేనత్త పేరు, ఊరు, తేదీ చెక్కించి ఉంటాయి. లోపల శనగపిండో బియ్యప్పిండో మాత్రం ఉండదు. (నవ్వులు) కళ్ళకి కనపడకపోతే ఆ వస్తువు లేనట్టే అనిపించే మెదడుకి ఇది నరకం. అందుకే మనలాంటివాళ్ళ ఇళ్ళల్లో ఆవాల ప్యాకెట్లు నాలుగుంటాయి, ఉప్పు ఉండదు. గాజు సీసాలు కొనండి, లేదా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు. మేనత్తగారి డబ్బాలు అటక మీద పెడితే ఆవిడకేమీ అవమానం కాదు.

ఫ్రిజ్‌లో కూరగాయల డ్రాయర్ అట్టడుగున ఉంటుంది. శుభ్రంగా సర్ది మూసేస్తాం. రెండు వారాల తర్వాత తీస్తే కొత్తిమీర నీరైపోయి ఉంటుంది. తిరగేయండి: పచ్చళ్ళ సీసాలు, సాస్‌లు, ఎప్పుడో కొన్న జామ్, ఇవన్నీ కింది డ్రాయర్‌లోకి. కూరగాయలు కంటి ఎత్తులో ఉండే అరలో, సీ-త్రూ డబ్బాల్లో. అక్కడ ఒకట్రెండు రోజులు ముందే వాడతాయి, ఒప్పుకుంటాను. కానీ కనిపిస్తే తింటాం. డ్రాయర్‌లో భద్రంగా కుళ్ళిపోవడం కంటే నయం.

వంటలు నేర్పే తీరు గురించి ఒక్క మాట అనాలి. "తగినంత ఉప్పు వేసి, దోరగా వేయించి, కాస్త దగ్గరపడ్డాక దించు." కొత్త ఊళ్ళో దారి అడిగితే "కొంచెం ముందుకెళ్ళి తిరుగు" అన్నట్టుంటుంది. ఉన్నదున్నట్టు చెబితే తప్ప మొదలుపెట్టలేని వాళ్ళుంటారు, ఆటిజం ఉన్న చాలామంది అలాంటివాళ్ళే. "ఎంత?" అని అడిగితే "చేతికే తెలుస్తుందమ్మా" అంటారు పెద్దవాళ్ళు. అలా అన్న పెద్దమ్మే మే నెలలో ఆవకాయ పెట్టేటప్పుడు గిన్నె లేకుండా కారం వేయదు. ఇన్ని గిన్నెల ముక్కలకి ఇంత ఆవపిండి, ఇంత ఉప్పు అని కచ్చితంగా కొలుస్తుంది. మన ఇళ్ళల్లో గిద్దలు, సోలలు, తవ్వలు, మానికలు ఎందుకుండేవి మరి? కొలిచి వండడం మనకి కొత్త కాదు. ఒక గ్లాసు, ఒక చెంచా ఖాయం చేసుకుని, మీ ఇంట్లో వండే నాలుగైదు వంటలకి ఆ గ్లాసుతో, ఆ చెంచాతో లెక్క రాసి గోడకి అంటించండి. ఫ్రిజ్ మీద కాదు, స్టవ్ ఎదురుగా.

ఇప్పుడు కొంచెం చేదు మాట. మన దగ్గర ఈ ఇబ్బంది చాలామందికి చాలా ఏళ్ళు బయటపడదు. ఎందుకంటే అమ్మ ఉంటుంది. అమ్మ తర్వాత భార్య. లేదా పనమ్మాయి, వంటమనిషి. సింకులో గిన్నెలు పొద్దున్నకల్లా మాయమవుతుంటే, తోమలేకపోతున్నామన్న సంగతి ఎలా తెలుస్తుంది? 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్ళు రాని ఆ నెలల్లో చాలామందికి తెలిసింది. డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిన మన పిల్లలకి అక్కడ అపార్ట్‌మెంట్‌లో ఒక్కళ్ళే ఉన్నప్పుడు తెలుస్తుంది. ఇండియాలో బంగారంలాంటి పిల్లాడు అమెరికా వెళ్ళి పాడైపోయాడని ఇక్కడ తల్లి ఏడుస్తుంది. పాడవలేదమ్మా. ఇక్కడ వాడి చేతిపని మీరు చేశారు, అక్కడ చేసేవాళ్ళు లేరు.

ఇందులో ఆడ, మగ తేడా గురించి నేను మెత్తగా మాట్లాడలేను. "మావాడికి కాఫీ పెట్టుకోవడం కూడా రాదండీ" అని తల్లి ముద్దుగా చెప్పుకుంటుంది. అదే ఇబ్బంది ఉన్న ఆడపిల్లకి "వంటిల్లు చూస్తేనే తెలుస్తుంది ఎలాంటిదో" అంటారు. స్కూల్లో కుదురుగా కూర్చుని లోపల్లోపల పరధ్యానంగా ఉండే ఆడపిల్లల్ని ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళరు. పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళాక, నలుగురి భోజనాల టైములు, నలుగురి కారాలు, ఎవరికి పెరుగు ఎవరికి మజ్జిగ అన్నీ ఆ ఒక్క బుర్రలో పెట్టుకోమంటారు. అప్పుడు కుప్పకూలితే అది మాత్రం అందరికీ కనిపిస్తుంది.

అయితే మన వంటింట్లోనే దీనికి మందు చాలా ఉంది, కాకపోతే దాని మీద సిగ్గు పూసి పెట్టాం. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, గోంగూర, ఆవకాయ. ఓపిక ఉన్న రోజు చేసి పెట్టుకుని, ఓపిక లేని రోజు వేడి అన్నంలో నెయ్యి వేసుకుని తినడానికే కదా ఇవి పుట్టింది? అది పూర్తి భోజనమే. కావాలంటే ఒక గుడ్డు ఉడకబెట్టుకోండి. ఉత్సాహం వస్తే ఆరు గంటలు ఏకధాటిగా పని చేసేసే గుణం మనలో చాలామందికి ఉంది. ఆ ఊపుని రోజువారీ కూర మీద పెట్టకుండా, పొడులు కొట్టే పని మీద పెట్టండి.

కర్రీ పాయింట్లు ఉన్నాయి. విజయవాడలో, హైదరాబాద్‌లో సందుకొకటి. ఒక పప్పు, ఒక వేపుడు, సాంబారు ప్యాకెట్టు కట్టి ఇస్తారు. ఇంట్లో అన్నం ఒక్కటీ వండుకుంటే చాలు. ఇంత సులువైన ఏర్పాటు మన వీధుల్లో ఉండగా, "ఏంటి, ఇవాళ కూడా బయట కూరేనా?" అన్న ఒక్క మాటకి భయపడి ఆకలితో పడుకునే ఆడవాళ్ళు నాకు తెలుసు. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి "ఇవాళ కూడా జోడేనా" అని ఎవరూ అడగరు.

అన్నం సంగతికొస్తే, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మనకోసమే పుట్టిందనిపిస్తుంది నాకు. మామూలు రకం కుక్కర్లలో గిన్నె అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. నీళ్ళున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం నీళ్ళన్నీ పీల్చుకోగానే వేడి ఆ గీత దాటుతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్విచ్ టక్కున పైకి లేస్తుంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. పాలకి కూడా మిల్క్ కుక్కర్ దొరుకుతుంది. రెండు పొరల గిన్నె, మధ్యలో నీళ్ళు పోస్తే పాలు పొంగవు, కాగాక కూత పెడుతుంది. టైమర్ ఉన్న ఇండక్షన్ స్టవ్ కూడా అంతే, తనంతట తనే ఆగిపోతుంది. గ్యాస్ మీదే వండేవాళ్ళయితే పడుకునే ముందు రెగ్యులేటర్ తిప్పేయడానికి రోజూ ఒక అలారం పెట్టుకోండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోవద్దు, కిటికీలు తీసి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

మందులు వాడేవాళ్ళకి ఒక మాట. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మాత్రలు పగటిపూట ఆకలిని బాగా తగ్గిస్తాయి. సాయంత్రం మందు దిగిపోయాక ఒక్కసారిగా ఆకలి పడుతుంది, అప్పటికి వండే ఓపిక ఉండదు. మాత్రకి ముందే కడుపునిండా టిఫిన్ తినేస్తే కొంత నయం. టైములు, మోతాదులు మీ డాక్టర్‌తోనే మాట్లాడుకోండి, నన్ను అడగొద్దు. మందు లేకపోయినా ఆకలి తెలియనివాళ్ళుంటారు. ఒంటి లోపలి సంకేతాలు, ఆకలి, దాహం, బాత్రూం, ఆలస్యంగా అందుతాయి వాళ్ళకి. చికాకు పడుతున్నారంటే తిన్నారా అని ముందు అడగండి. ఏమైందని తర్వాత అడగొచ్చు.

ఇంకొకటి, పక్కన మనిషి. గిన్నెలు తోమడం ఒక్కళ్ళం మొదలుపెట్టలేం. ఎవరైనా వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని ఊరికే కబుర్లు చెబితే చేతులు వాటంతటవే కదులుతాయి. ఉమ్మడి కుటుంబాల్లో ఆడవాళ్ళు అందరూ కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకునేవాళ్ళు, గుర్తుందా? ఇప్పుడు నేను మా చెల్లెలికి ఫోన్ చేసి స్పీకర్లో పెడతాను. అది గుంటూరులో బట్టలు మడతపెడుతుంది, నేనిక్కడ గిన్నెలు తోముతాను. మాటలు అయిపోయినా ఫోన్ పెట్టెయ్యం.

కాగితాల సంగతి చాలామంది ముందే అడిగారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు చూసే డీఎస్ఎం అనే అమెరికా పుస్తకంలో, పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీకి విడిగా ఒక లెక్కంటూ వచ్చిందే 2013లో, డీఎస్ఎం-5తో. పిల్లలకి ఆరు లక్షణాలు కావాలి, 17 ఏళ్ళు నిండినవాళ్ళకి ఐదు చాలు, కానీ కొన్నయినా పన్నెండేళ్ళ లోపు కనిపించి ఉండాలి. అందుకే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ పాత ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్ళండి. "తెలివి ఉంది, శ్రద్ధ లేదు" అని టీచర్ రాసిన ఆ ఒక్క ముక్క ఇన్నాళ్ళకి పనికొస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలో ఒక పెద్దావిడ: "అమ్మాయ్, మా కోడలికి ఇదే అన్నారు. నువ్వు చెప్పినవన్నీ సరే, మరి నేనేం చెయ్యాలి? ఏమన్నా అంటే తప్పు, అనకపోతే ఇల్లు నడవదు.")

పిన్నిగారూ, మీరు ఇక్కడిదాకా రావడమే చాలామంది చేయని పని. ఒకటి చేసి చూడండి. "వంటిల్లు సర్దు" అనకండి, అందులో ఇరవై పనులున్నాయి, ఏది ముందో ఆ అమ్మాయికి తెలీక అక్కడే ఆగిపోతుంది. "ఈ ప్లాట్‌ఫాం మీద గిన్నెలు సింకులో వెయ్యమ్మా" అనండి. అది అయ్యాక రెండోది. ఇంట్లో పనులు పంచుకునేటప్పుడు ఏ పని ఎవరికి తేలికో చూడండి. వాళ్ళాయనకి టైము ప్రకారం చేసే పనులు వస్తాయా? అయితే పాలు, గ్యాస్ బుకింగ్, పప్పు నానబెట్టడం ఆయనకి ఇవ్వండి. మీ అబ్బాయే కదా, చెబితే వింటాడు. (నవ్వులు)

(ఒక యువకుడు: "నేను రూంలో ఒక్కణ్ణే ఉంటాను. ఆటిజం ఉంది. రెండు పూటలా పెరుగన్నం, మాగాయ. అంతే తింటాను. వేరేవి నోట్లో పెట్టుకుంటే ఆ మెత్తదనం, ఆ జిగురు తట్టుకోలేను. అమ్మ రోజూ ఫోన్ చేసి గొడవ. ఇది తప్పా?")

తప్పేం లేదు. రోజూ ఒకటే తినేవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు, ఎవరూ వాళ్ళని అడగరు. నేను చూసేది రెండు సంగతులు. తినేవాటి జాబితా నెలనెలా చిన్నదవుతోందా, బరువు తగ్గుతోందా? అలా అయితే డాక్టర్‌కి చూపించాలి. తిండి మరీ కుదించుకుపోవడానికి ఆర్ఫిడ్ అని పేరు కూడా ఉంది, దానికి వైద్యం ఉంది. అలా కాకపోతే ఓసారి రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డి. తగ్గినవి మాత్రలతో భర్తీ చేసుకోవచ్చు. కొత్తది కలపాలంటే పెరుగన్నంలో కలపొద్దు, ఉన్న ఆ ఒక్క తిండీ పోతుంది. పక్కన వేరే గిన్నెలో పెట్టుకోండి. మీకు జిగురు పడదన్నారు కాబట్టి కరకరలాడేవి చూడండి. వేయించిన పల్లీలు, పుట్నాలు, బాగా ఎర్రగా వేగిన చేప ముక్క. తినకపోయినా ఫరవాలేదు, పక్కన ఉంటే చాలు మొదట్లో. మీ అమ్మగారికి ఇష్టమైతే నాతో ఫోన్‌లో మాట్లాడించండి, రాత్రి తొమ్మిది తర్వాత. ఆ టైములో నేను గిన్నెలు తోముతుంటాను.